అడుగు అతికించిన గిన్నె

నవంబరు 4
ఏరు తగ్గింది. రేవులో ఇంకో నాలుగు మెట్లు బయటపడ్డాయి. నీలిపూల పింగాణీ పెంకులు రెండు, మూత ముక్క ఒకటి దొరికాయి.
షీజూ పోయి ఈ రోజుకి రెండేళ్ళు. అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళావా నాన్నా అని కూతురు యాన్ ఫోనులో అడిగింది. వెళ్ళానన్నాను. వెళ్ళలేదు. ఏటికి వెళ్ళాను.

నవంబరు 5
ఏమీ దొరకలేదు.

నవంబరు 7
పాన్ షౌరెన్ మా ఊళ్ళో కాపురం పెట్టాడు. రిటైరయ్యాక ఇన్నాళ్ళూ పింగాణీ పట్నం జింగ్‌దెజెన్‌లోనే ఉన్నాడు. ఇప్పుడు భార్య యింతావ్ పుట్టింటి ఇల్లు బాగుచేయించి ఇక్కడికి దిగాడు. పాత పింగాణీ సేకరిస్తాడట. ఊరి కమిటీ గోదాము ఖాళీగా ఉంటే అందులో మన ఏటి పింగాణీ ప్రదర్శన పెడతాడట. అందరూ డైరెక్టరు గారు, డైరెక్టరు గారు అంటున్నారు. దేనికి డైరెక్టరో మాత్రం ఎవరూ అనడం లేదు. ఎనభై మూడులో కుటుంబ నియంత్రణ ఆఫీసుకి.
జుట్టుకి నల్లరంగు వేసుకున్నాడు. మెడ మాత్రం ముసలిదే.

నవంబరు 8
నాలాగే పెంకులు ఏరే తాంగ్ అక్క, నేను కింది రేవు దాకా వెళ్ళాం. ఆమెకి ఒక దీపపు కుంది దొరికింది. నాకు ఏమీ లేదు. నేను పెంకుల కోసం రావడం లేదని ఆమె అంటుంది. కోడి ఎముక కనబడినా కడిగి, ఎండలో పెట్టి చూస్తానట. ఎవరైనా పెంకులు ఏరేవాడు ఎముకలు కడుగుతాడా అని అడిగింది.
నేను పెంకుల కోసమే వెళ్తాను.

నవంబరు 10
కమిటీ హాల్లో సభ. ఇప్పుడు ముగ్గుర్ని కనాలట. పైనుంచి వచ్చిన ఆఫీసరమ్మ కాగితం చూసి చదివింది. ఎవరూ వినలేదు. అప్పుడు మైకు పాన్‌కి ఇచ్చారు. ముగ్గురు పిల్లలున్న ఇల్లు ఎంత కళకళలాడుతుందో చెప్పాడు. నలభై ఏళ్ళ కిందట ఇదే హాల్లో, ఒక్క బిడ్డ ఉన్న ఇల్లు ఎంత సుఖంగా ఉంటుందో చెప్పాడు. గొంతు అదే. చెయ్యి ఊపడమూ అదే.
తాంగ్ అక్కకి డెబ్బై రెండు. నోటికి తలుపు లేదు. కూర్చున్న చోటి నుంచే అడిగింది.
"నన్ను కూడా కనమంటారా డైరెక్టరు గారూ? అయితే అప్పట్లో నా కడుపులో మీరు వేయించిన ముడి మీరే వచ్చి విప్పాలి."
హాలంతా నవ్వు. అతనూ నవ్వాడు.
నూడుల్స్ కొట్టు కోడలు లేచి, ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్ళు నలుగురు, ఎత్తుకోవాల్సిన పిల్లాడు ఒకడు, తనకున్నవి రెండే చేతులు అని చెప్పింది. సర్కారు సాయం చేస్తుందని ఎవరో అన్నారు. అయితే ఆ సర్కారునే వచ్చి పిల్లాడి ముడ్డి కడగమంది. మంగలి మాత్రం అప్పటి ఆంక్ష మంచిదే అన్నాడు, లేకపోతే అందరికీ తిండి చాలేది కాదన్నాడు. పుట్టనివాళ్ళ వాటా నువ్వే తిన్నట్టున్నావు, పొట్ట చూస్తే తెలుస్తోందిలే అని తాంగ్ అక్క అంది. గొడవ పెద్దదైంది. పాన్ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.
"అప్పుడు దేశానికి అది కావాల్సొచ్చింది. ఇప్పుడు ఇది కావాల్సొచ్చింది. మనం మాట వినేవాళ్ళం. అంతే కదా."
చాలామంది తలలూపారు. నేనూ ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

నవంబరు 11
రాత్రి నిద్ర లేదు. రాసిపెడతాను.
ఎనభై మూడు డిసెంబరు. షీజూకి ఎనిమిదో నెల. యాన్‌కి ఐదేళ్ళు. రెండో కాన్పు అయితే పింగాణీ ఫ్యాక్టరీలో నా పని పోతుంది. షీజూ ఏటి అవతల వాళ్ళ పిన్ని ఇంట్లో దాక్కుంది. నేను ఆ రోజు ఫ్యాక్టరీలో ఉన్నాను. ఆఫీసు వాళ్ళు ట్రాక్టరు తీసుకుని ఆమె కోసం వెళ్ళారు. డ్రైవరు పక్కన పాన్ కూర్చున్నాడు. మూడో రోజు షీజూ ఒక్కతే నడిచి వచ్చింది. కడుపు తీసేశారు. బిడ్డని ఏటి ఒడ్డున పూడ్చిపెట్టారట అంది. అంతే. ఆడో మగో చెప్పలేదు. నేను అడగలేదు.
ఎక్కడ పెట్టారో తెలిస్తే చాలని ఆమె పోయేముందు అంది. నలభై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారే అంది.
నేను ఆ రోజు ఫ్యాక్టరీలో ఉన్నాను.

నవంబరు 13
అడుగు దొరికింది. గిన్నె పోయి అడుగు మాత్రం మిగిలింది. చుట్టు ఎక్కడా పెచ్చు ఊడలేదు. మధ్యలో మింగ్ రాజుల కాలపు ముద్ర, ఆరక్షరాలూ చెక్కుచెదరకుండా. ఇన్నేళ్ళలో నాకు ఇలాంటిది దొరకలేదు. తాంగ్ అక్కకి చూపించకుండా జేబులో వేసుకున్నాను.
మా వైపు ఎవరి చేతికి గిన్నె ఇచ్చినా ముందు బోర్లించి అడుగు చూస్తారు. పెళ్ళి భోజనాల్లో కూడా తినేసి బోర్లిస్తారు. అడుగు పాతదైతే గిన్నె పాతదే. పైభాగాన్ని ఎవడూ రెండోసారి చూడడు. పాత అడుగుకి కొత్త గిన్నె అతికించి బతికేవాళ్ళు అందుకే ఉన్నారు. నేను ఎన్నడూ ఆ పని చేయలేదు.
చేయలేక కాదు. ఇరవై ఆరేళ్ళు పచ్చిగిన్నెల్ని చక్రం మీద బోర్లించి, చెక్కి, పలచన చేసిన చెయ్యి ఇది.

నవంబరు 14
పాన్ ఏటి ఒడ్డుకి వచ్చాడు. కొత్త రబ్బరు బూట్లు.
"లావో చెంగ్ కదూ. ఫ్యాక్టరీలో గిన్నెలు చెక్కేవాడివి. ఇంట్లో అంతా బాగేనా?"
బాగే అన్నాను.
మెట్టు మీద కూర్చుని జేబులోంచి గుడ్డ చుట్టిన కప్పు తీశాడు. మూడొందల ఏళ్ళదట. ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. పాత పింగాణీలో తాగితేనే తనకి టీ అనిపిస్తుందట. ఎవరొచ్చినా వాళ్ళ ముందు అలాగే తాగుతాడట. మంచి సరుకు దొరికితే ముందు తనకే చూపించమన్నాడు. సరే అన్నాను.
ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూ వచ్చాను. నవ్వి చాలా రోజులైంది.

నవంబరు 15
ఒక జిగురుంది. చల్లగా ఉన్నంతకాలం రాయిలా పట్టుకుంటుంది. ఉడుకు నీళ్ళు తగిలితే వదిలేస్తుంది. టీ పోసుకుంటే చాలు, అడుగు ఊడుతుంది.
పదిమంది ముందు. అతని ఒళ్ళో.

నవంబరు 19
పాత తోటి పనివాడి పాకలో చక్రం అడిగాను. దేనికని అడగలేదు, మంచివాడు. ఐదు గిన్నెలు చెడిపోయాయి. చెక్కేటప్పుడు గోరుతో తట్టి చప్పుడు వినాలి. ఎంత పలచనైందో చెవే చెబుతుంది. నాకు ఒక చెవి పోయింది. రెండో చెవి ఆనించి విన్నాను. ఆరోది నిలిచింది.

నవంబరు 24
బాడుగ బట్టీలో కాల్పించాను. అంచు చుట్టూ రెండు నీలి గీతలు, అంతే. పువ్వులు నాకు రావు. బయటికి తీస్తే ఎండలో వేళ్ళ నీడ లోపలికి కనబడింది. ఇలాంటి గిన్నె నేను ఫ్యాక్టరీలో కూడా చేయలేదు.

నవంబరు 26
యాన్ ఫోను. మనవరాలు పెళ్ళే వద్దంటోందట. ముగ్గురు కాదు, సున్నా అంటోందట. మాటల్లో పాన్ వచ్చాడని చెప్పాను.
"అమ్మని తీసుకెళ్ళిన రోజు నువ్వు నాకు నువ్వుల మిఠాయి కొనిపెట్టావు నాన్నా."
నేను ఫ్యాక్టరీలో ఉన్నానమ్మా అన్నాను. సరే అంది.
ఐదేళ్ళ పిల్ల. ఏం గుర్తుంటుంది.

నవంబరు 29
కొత్త గిన్నె అడుగు కోసేసి పాతది అతికించాను. ఏటి బురద, టీ డికాషన్ రుద్దాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియడం లేదు. గిన్నె పక్కన పెట్టుకుని అన్నం తిన్నాను.

డిసెంబరు 2
బురదతోనే బుట్టలో పెట్టుకుని, పాన్ వచ్చే వేళకి రేవు మెట్ల మీద కూర్చున్నాను. అతనే బుట్టలోకి వంగాడు. తీశాడు. వెంటనే బోర్లించాడు. బొటనవేలితో ముద్ర మీది బురద తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. చూసి కడుపు చల్లబడింది.
ఎంత కావాలన్నాడు. నాకేం వద్దు, ఉంచుకోమన్నాను. చేతులు రెండూ పట్టుకున్నాడు. నా చేతుల్ని అతను ముట్టుకుంటాడని అనుకోలేదు. ఇంటికొచ్చి బూడిదతో కడుక్కున్నాను.

డిసెంబరు 3
ఇంకా తాగలేదు.

డిసెంబరు 5
తాగడట. అంత గొప్పదానిలో టీ పోయడం పాపమట. అద్దాల పెట్టె చేయించాడు. పట్నం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయనా ముందు బోర్లించాడు. ఆ తర్వాత పైభాగం తడిమి, ఇంత పలచగా చెక్కే చేతులు ఇప్పుడు లేవన్నాడట. పెట్టె ముందు కార్డు పెట్టారు. పాన్ షౌరెన్ ఏట్లో స్వయంగా కనుగొన్నది అని ఉంది.
నా చెయ్యి. మెప్పు అతని కంటికి.

డిసెంబరు 8
ప్రదర్శన పదిహేనో తేదీన. ఆ రోజే ముగ్గురు పిల్లల సభ కూడా.
ఒకటి ఆలోచించాను. అతని దగ్గరికి వెళ్తాను. బిడ్డని పెట్టిన చోటు చెబితే గిన్నె సంగతి నేనూ చెప్పేస్తాను. పరువు దక్కించుకుంటాడు. షీజూకి మాత్రం చోటు కావాలి. కోపం ఎప్పుడైనా తీర్చుకోవచ్చు.

డిసెంబరు 9
వెళ్ళాను. యింతావ్ ముల్లంగి పూర్ణం పెట్టిన పిండివంట ఆవిరి మీద వేడివేడిగా తెచ్చిపెట్టి లోపలికి వెళ్ళింది. తినలేదు. ఎనభై మూడు, డిసెంబరు, మా ఆవిడ పేరు షీజూ అన్నాను. ఎక్కడ పెట్టారని అడిగాను.
అతను కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడనుకున్నాను.
"కింది రేవు దగ్గర ఇసుక దిబ్బ ఉందే, నీటివంజి పొదలు మొలిచి. అక్కడ."
ఆ దిబ్బ తొంభై ఎనిమిది వరద తెచ్చిపెట్టింది. ఎనభై మూడులో అక్కడ నిలువు లోతు నీళ్ళు. ఏటి అంచు ఏ ఏడు ఎక్కడుందో నాకు తెలుసు. అదే చెప్పాను. అబద్ధం అన్నాను. పెద్దగా అన్నానేమో, లోపల గిన్నెల చప్పుడు ఆగింది.
"ఎంతమందో లావో చెంగ్. ఆ ఒక్క శీతాకాలంలోనే ఎంతమందో. ఏది ఎక్కడో నాకెలా గుర్తుంటుంది?"
తర్వాత ఇంకోటి అన్నాడు.
"ఆమె పిన్ని ఇంట్లో ఉందని నాకు చెప్పిందెవరు మరి?"
గిన్నె సంగతి చెప్పకుండా వచ్చేశాను.

డిసెంబరు 10
ఏటికి వెళ్ళలేదు.

డిసెంబరు 11
వెళ్ళలేదు. తాంగ్ అక్క తలుపు కొట్టింది. జ్వరమన్నాను.

డిసెంబరు 12
నేను ఆ రోజు ఫ్యాక్టరీలో లేను.
ముందురోజు ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. పాన్ సిగరెట్టు ఇచ్చాడు. పని పోతే కూతురికేం పెడతావన్నాడు. మూడు గంటలు కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు. మాట్లాడటం నాకు చేతకాదు, అందరికీ తెలుసు. పిన్ని ఇంట్లో ఉందా అని అడిగాడు. తల ఊపాను.
నోటితో చెప్పలేదు. నేను చెప్పలేదని షీజూతో అన్నప్పుడు అది అబద్ధం కాదని నలభై ఏళ్ళు అనుకున్నాను.
మర్నాడు పనికి సెలవిచ్చారు. యాన్‌ని వీధిలోకి తీసుకెళ్ళి మిఠాయి కొనిపెట్టాను. ట్రాక్టరు పోతున్న చప్పుడు వినబడింది. ఇంకోటి కావాలా అని పిల్లని అడిగాను.

డిసెంబరు 13
అయినా తీసుకెళ్ళింది అతనే.

డిసెంబరు 14
సభలో ఉడుకు నీళ్ళు పోసే పని నాకిమ్మని కమిటీని అడిగాను. సరే అన్నారు. ఈ ముసలాడు ఇంకేం చేయగలడని అనుకుని ఉంటారు.

డిసెంబరు 15
జరిగింది జరిగినట్టు రాస్తాను.
గోదాము నిండిపోయింది. పొద్దుతిరుగుడు గింజలు ఊరికే పెడుతున్నారని ముసలివాళ్ళంతా వచ్చారు. గిన్నెని అద్దాల పెట్టెలోంచి తీసి, ఫొటోల కోసం బల్ల మీద ఎర్రగుడ్డ వేసి పెట్టారు. పక్కనే మైకు. నేను ఫ్లాస్కు పట్టుకుని వరసగా కప్పుల్లో పోసుకుంటూ వస్తున్నాను. మన ఏరు మన పూర్వీకుల్ని మనకి తిరిగి ఇస్తోంది, మనం మన వంశాన్ని పెంచుకోవద్దా అని పాన్ చెబుతున్నాడు. అతని కప్పు దాకా వచ్చాను. కప్పులో పోయలేదు. గిన్నెలో పోశాను, అంచు దాకా.
"అదేం పని లావో చెంగ్" అన్నాడు. మెల్లగానే అన్నాడు, మైకులో అందరికీ వినబడింది. నీళ్ళు పారబోద్దామని గిన్నె అంచు పట్టుకుని గబుక్కున ఎత్తాడు. గిన్నె లేచింది. అడుగు గుడ్డ మీదే ఉండిపోయింది. నీళ్ళన్నీ అతని ప్యాంటు మీద.
ఆ తర్వాత తాంగ్ అక్క గొంతు.
"మంత్రసానిని పిలవండర్రా. డైరెక్టరు గారికి ఉమ్మనీరు పోయింది. ముగ్గురిలో మొదటిది వచ్చేస్తోంది."
గోదాము పగిలేలా నవ్వారు. ఆఫీసరమ్మ కూడా మొహం పక్కకి తిప్పుకుంది. నిపుణుడు అడుగుని చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. పాన్ చేతిలో అడుగు లేని గిన్నె. అందులోంచి అతని బూట్లు కనబడుతున్నాయి.
ఈ నవ్వు కోసమే బతికాననుకున్నాను. చెవినిండా విన్నాను. చాలలేదు.
మైకు దగ్గరికి వంగాను. ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియదు. అరిచినట్టయింది.
"గిన్నె చేసింది నేను. ఎనభై మూడులో మా ఆవిడ దాక్కున్న చోటు చెప్పింది కూడా నేనే. తీసుకెళ్ళింది ఇతను. బిడ్డని ఎక్కడ పెట్టారో నాకు కావాలి."
నవ్వు ఆగిపోయింది. ఇక్కడ కాదు, తర్వాత మాట్లాడుకుందాం అని పాన్ గొణిగాడు.
తాంగ్ అక్క లేచి నిలబడింది. ఆమె గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు.
"నాది ఎనభై నాలుగు, మార్చి. నాది ఎక్కడ పెట్టారు?"
వెనక నుంచి మంగలి సొంత అక్క తనది ఎనభై ఆరు అంది, కవలలంది. మంగలి తల వంచుకున్నాడు. గోడ పక్కన ఇంకొకామె ఏడాది చెప్పలేకపోయింది, వరికోతలప్పుడు అంది. ఆ తర్వాత లెక్క తెలియలేదు. ఎవరూ తిట్టలేదు. ఏడవలేదు. నెల చెప్పి, ఎక్కడ అని అడిగి, కూర్చున్నారు. అతను ప్రతిదానికీ గుర్తులేదు అన్నాడు. మొదట గట్టిగా. తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి.
చివరగా, ముందు వరసలోంచి యింతావ్. ఆ శీతాకాలంలో కడుపు తీయించడానికి అందరికంటే ముందు పాన్ తీసుకెళ్ళింది ఆమెనే, ఊరికి ఆదర్శమని. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. ఇప్పుడు గుప్పిట్లో గింజలున్నాయి. లేవలేదు. మొగుడి వైపు చూడలేదు కూడా.
"మనది ఎక్కడ?"
పాన్ కుర్చీలో కూలబడ్డాడు. తడి ప్యాంటు. దానికి మాత్రం గుర్తులేదు అనలేదు.

డిసెంబరు 16
పొద్దున్నే మంచు. ఏటికి వెళ్ళాను. అతను అప్పటికే రేవు మెట్ల మీద ఉన్నాడు. బూట్లు లేవు, ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులు. నిన్నటి ప్యాంటే. ఎక్కడ పెట్టావో చూపించాకే గడప తొక్కమందట యింతావ్.
గిన్నె గురించి ఒక్క మాట అనలేదు. అంటాడనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను.
"ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగాడు.
నన్ను అడుగుతున్నాడు. కొట్టాలనిపించింది. నీళ్ళలోకి తోసేయాలనిపించింది. అడ్డం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.
అప్పటి అంచు ఇది అని కర్రతో ఇసుకలో గీత గీశాను. ఇటువైపు వెతకమన్నాను. నాలుగడుగులు వేశాడు, చేతులు వెనక్కి కట్టుకుని, సభలో నడిచినట్టు, నేలకేసి చూస్తూ.
"నిలబడితే కనబడదు. వంగు."
మోకాళ్ళు పట్టేశాయన్నాడు.
"వంగు."
వంగాడు. వేళ్ళతో ఇసుక తోడాడు. తెల్లగా ఏదో దొరికితే ఎత్తి నాకు చూపించాడు. కప్పు పిడి. పక్కన పడేయమన్నాను. ఇంకొకటి చూపించాడు. చేప ముల్లు. తాంగ్ అక్క వచ్చి ఒడ్డున నిలబడి చూసింది, బుట్ట దించి తనూ గీత ఇటువైపుకి వచ్చింది.
మధ్యాహ్నానికి అతను నడుం పట్టుకుని లేవబోయాడు. లేవనివ్వలేదు. మళ్ళీ లేవబోయాడు. లేవనివ్వలేదు. వెలుగు పోయేదాకా అలాగే వంచి ఉంచాను.
నేనూ లేవలేదు.